బోర్డు మీద స్క్రూలు లేవు

మా బాబాయిని బజారంతా ట్యూనింగ్ బాబాయి అనేవాళ్లు. సీడీ ప్లేయర్‌లో పాట గెంతితే చాలు, మూత విప్పి, బోర్డు మీది బుల్లి స్క్రూలను చెవితో వింటూ వెంట్రుకవాసి తిప్పేవాడు. లెన్సు ఎంత ఎత్తున నిలవాలి, డిస్కు మీది గీతను ఎలా వదలకుండా పట్టుకోవాలి, అంతా ఆ స్క్రూలదే. ఈ పని తనకు తప్ప ఎవరికీ రాదని ఆయన నమ్మకం. నిజం చెప్పొద్దూ, మా నమ్మకమూ అదే.

తర్వాత డిజిటల్ సర్వో చిప్పులు వచ్చాయి. ఆ బోర్డుల మీద తిప్పడానికి స్క్రూలు లేవు. డిస్కు పెట్టిన ప్రతిసారీ చిప్పే కొలుచుకుని సర్దుకుంటుంది. చేయి ఊరుకోక బాబాయి, లెన్సు పక్కన మిగిలిన ఒకే ఒక్క స్క్రూ తిప్పాడు. అది లేజర్ బలం పెంచేది. లేజర్ కాస్తా మాడి కూర్చుంది. వారం తిరక్కుండా ఇంకో ప్లేయర్‌దీ అదే గతి.

"ఇంకొక్కటి పాడైందా, కొట్టు మూసేస్తా. మీ తమ్ముడి గోడౌన్ గేటు దగ్గర కాపలా కూర్చుంటా," అన్నాడు పిన్నితో.

"కూర్చుందురుగాని. ముందు కాఫీ తాగండి," అంది పిన్ని. నవ్విందే గాని, ఆ రోజంతా ఆమె మనసు మనసులో లేదు.

మర్నాడే, నేను కొట్లో ఉండగా, పాటల టీచరమ్మ ప్లేయర్ తెచ్చింది. డిస్కు నాలుగు చుట్లు తిరిగి ఆగిపోతోందట. బాబాయి మూత తీశాడు. చేయి అలవాటు కొద్దీ స్క్రూడ్రైవర్ మీదికి పోయింది. క్యారియర్ తెచ్చిన పిన్ని దాన్ని ముందే తీసి తన సంచిలో వేసుకుంది.

"చూడ్డానికి అది అక్కర్లేదుగా," అంది.

గత్యంతరం లేక పక్కనుంచి చూశాడు. లెన్సు ఉన్న బండి లోపలి అంచుకు జరగబోయి, కొంచెం ఇవతలే ఆగింది. లెన్సు లేచింది, దిగింది, మళ్లీ లేచింది. డిస్కు తిరిగింది, ఆగింది. పది నిమిషాలు అదే తంతు.

"ఈ చిప్పు నా పనే చేస్తోందే," అన్నాడు నెమ్మదిగా. "పాపం, వెతుకుతోంది. బండి కదలకపోతే అది మాత్రం ఏం చేస్తుంది?"

బండి జారే కడ్డీ మీద పాత గ్రీజు జిగురులా గట్టిపడి ఉంది. స్పిరిట్‌తో తుడిచి, చిటికెడు కొత్త గ్రీజు రాశాడు. డిస్కు పెట్టాడు. తెర మీద పాటల లెక్క కనబడింది, పాట మొదలైంది. బాబాయి కళ్లు తడిశాయి. ఆయన ఎన్నో ప్లేయర్లను బాగుచేస్తుంటే చూశాను గాని, ఆయన్ని చూసి గర్వపడ్డది ఆ రోజే.

"మరి మా తమ్ముడికి ఏం చెప్పమంటారు?" అంది పిన్ని.

"వాళ్లింట్లో పాడవ్వని ప్లేయర్ ఏదైనా ఉంటే పంపమను," అన్నాడు బాబాయి. "చిప్పు సరిగ్గా పని చేసేటప్పుడు ఎలా ఉంటుందో కూడా చూడాలి."