మా బాపు కోర్టుకు భయపడిన రోజు

నాకు సూరారం సంబంధం వచ్చినప్పుడు అబ్బాయి తరఫున మాట్లాడింది వాళ్ల బాబాయి. ఆయన సర్కారు బడిలో పీటీ మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. షామీర్‌పేటలో మా ఇంటికి పెళ్లిచూపులకు వచ్చినప్పుడు కూడా మెడలో విజిల్ తీయలేదు. అందరూ నాటుకోడి కూరతో భోంచేసి, మళ్లీ ఫోన్ చేస్తామని వెళ్లారు.

మర్నాడు నేను దుండిగల్‌లో కాలేజీ లైబ్రరీ డ్యూటీలో ఉండగా ఆయన మా బాపుకు ఫోన్ చేశాడు.

"బావా, మేం జెప్పేది జెప్పినం. ఇగ బాల్ మీ కోర్టుల ఉన్నది. ఏం జేస్తరో మీ ఇష్టం" అని పెట్టేశాడు.

బాపు ఫోన్ పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడట. బాల్ అంటే బంతి అని ఆయనకు తెలియక కాదు. కానీ బంతికి కోర్టులో ఏం పని? ఆయన ఎరిగిన కోర్టు మేడ్చల్‌లో ఉంది, అందులో నల్లకోట్లు తిరుగుతుంటాయి. అందుకని పక్కింటి చాచాను పిలిచాడు. చాచా, బాపు కలిసి కూరగాయల వ్యాపారం చేస్తారు. చాచా ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడతారు.

"భాయ్, బాల్ అంటే ఏంది?"

"బాల్ అంటే ఎంటిక. నెత్తిమీదుంటది గద?"

అంతే, బాపుకు మొత్తం అర్థమైపోయింది. నిన్నటి కూరలో వెంట్రుక వచ్చింది. వాళ్లు మొహమాటానికి అప్పుడేమీ అనకుండా వెళ్లి, ఇప్పుడు కోర్టుకు ఎక్కుతున్నారు!

ఇంట్లో విచారణ మొదలైంది.

"నేను కొంగు సుట్టుకోని వండిన. నాది కాదు" అంది అమ్మ.

"నాదైతే తెల్లగుంటది. ఏదీ, జూపియ్యమను!" అంది అవ్వ, బోసినోరు బిగించి.

మిగిలింది నేను. నా జడ నడుం దాకా ఉంటుంది. నేను ఇంట్లో లేను కాబట్టి నేరం నా మీద ఖాయం చేసేశారు.

కేసు కాకముందే కాళ్లావేళ్లా పడదామని బాపు చెరువు దగ్గరికి వెళ్లి ఒక పెద్ద రవ్వచేప తెచ్చాడు. "గిది పచ్చిదే ఇస్త. వాళ్లింట్లనే వండుకుంటరు. మన ఎంటిక పడ్డదన్న మాటనే రాదు" అన్నాడట. చాచా స్కూటర్ తీశాడు. వెనక బాపు, బాపు ఒళ్లో సంచి, సంచిలోంచి బయటికి చేప తోక.

నేను ఆటోలూ బస్సులూ మారి ఇంటికి చేరేసరికి అవ్వ గడపలోనే ఆపి, "బిడ్డా, నీ జడ మీద కేసయింది" అంది. సంగతంతా విని నవ్వాలో ఏడవాలో తెలియక బాపుకు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

అప్పటికి వాళ్లు సూరారం చేరారు. అక్కడ జరిగింది చాచా తర్వాత మా వాకిట్లో నిలబడి చెప్పాడు. ఆ మాస్టరు బడి గ్రౌండులో వాలీబాల్ ఆడిస్తున్నాడట. నన్ను చూడ్డానికి వచ్చిన అబ్బాయి కూడా కంపెనీ డ్యూటీ దిగి వచ్చి ఆడుతున్నాడు. బాపు నేరుగా వెళ్లి చేతులు జోడించాడు.

"సారూ, తప్పయింది. కోర్టు దాక వద్దు."

"కోర్టులనే నిలబడ్డవు గద బావా! జర జరుగు, లైన్ తొక్కుతున్నవు."

"కూరల బాల్ మాదే. ఒప్పుకుంటున్న."

"కూరల బాలేంది?"

అంతలో అటునుంచి ఎవరో కొట్టిన బంతి వచ్చి బాపు సంచికి తగిలింది. చేప జారి కోర్టు మధ్యలో పడింది. బంతి కోసం పరుగెత్తుకొచ్చిన అబ్బాయి మర్యాదకొద్దీ ముందు చేపను ఎత్తుకున్నాడు. అది రెండుసార్లు జారింది.

చాచా వెంట్రుక గురించి చెప్పేసరికి మాస్టరు విజిల్ నోట్లో ఉండగానే నవ్వాడట. ఆ కూతకు ఆట ఆగిపోయింది.

"గిదిగో బాల్, గిదిగో కోర్టు! ఇగ మీ వంతు, పిలగాడు నచ్చిండా లేదా మీరే జెప్పాలె అని గద నేనన్నది బావా!"

బాపు లైన్ మీదే కూర్చుండిపోయాడు. "గా ముక్క తెలుగుల జెప్తే ఏమైతుండె సారూ? పొద్దుగాల్నుంచి నా పానం పోయింది."

తర్వాత నాకు ఫోన్ చేశాడు. "బిడ్డా, ఎంటిక కాదట, పంచాది లేదు. పిలగాడు నచ్చిండా?"

స్పీకర్ ఆన్‌లో ఉందని నాకేం తెలుసు? "కూసున్నంతసేపు నేల జూసుకుంటనే ఉన్నడు బాపూ. మాటొస్తదో రాదో తెల్వది. ఒక్కసారి మాట్లాడితే గద తెలిసేది" అన్నాను.

అవతల గ్రౌండంతా గొల్లుమంది. ఆ గోలలోంచి కొత్త గొంతు వినబడింది. "మాటొస్తదండి. చేతులు నీసు వాసనొస్తున్నయి, కడుక్కోని వస్త. జర ఆగున్రి."

అది ఆయన నాతో అన్న మొదటి మాట. ఫోన్‌లో మాట్లాడటానికి చేతులు ఎందుకు కడుక్కోవాలో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఆగాను. నల్లా చప్పుడు వినబడింది. అటు అమ్మ, ఇటు అవ్వ నా రెండు భుజాల మీదికి వంగారు.

ఆయన వచ్చాక నేను ఒక్కటే అడిగాను. పెళ్లయినా లైబ్రరీ ఉద్యోగం మాననన్నాను.

"ఎందుకు మానాలె? సూరారం నుంచి దుండిగల్ దగ్గర్నే. షామీర్‌పేట నుంచే మీకు దూరం" అన్నాడు.

రోజూ దుమ్ములో ఆటోలు మారే మనిషికి అంతకంటే తియ్యటి మాట ఎవరు చెప్తారు?

"ఏమన్నడే?" అని అవ్వ చెవి ఒగ్గింది.

"దగ్గర్నే అన్నడు."

అవ్వకు ఏమీ అర్థం కాలేదు. అమ్మ మాత్రం నా మొహం చూసి లోపలికి వెళ్లి చాయ్ పెట్టింది.