అక్కకు ఎడమ పక్క

నిన్న నిజామాబాద్‌లో కళ్లజోడు బాగుచేయించుకుంటూ కూర్చుంటే, పక్కనున్న కాలేజీ పిల్ల వేలికొస మీద కాంటాక్ట్ లెన్స్ పెట్టుకుని, అద్దమైనా చూడకుండా కంట్లో వేసేసుకుంది. నాకు నవ్వొచ్చింది. ఆ మాత్రం పనికి మా బావ ఎంత హైరానా పడేవాడో గుర్తొచ్చింది.

చిన్నప్పుడు బోధన్ దగ్గర చెరకు తోటలో గడ విరవబోతే, ఆకు అంచు మా అక్క ఎడమ కంటిని కోసింది. పుండు మానింది గానీ నల్లగుడ్డు మీద మచ్చ ఉండిపోయింది. ఆ కంటికి ఒక మనిషి ముగ్గురిలా కనిపించేవాడట. అందుకే ఇంట్లో అందరం అక్కకు కుడి పక్కనే కూర్చునేవాళ్లం. పెళ్లయ్యాక బావకూ అదే అలవాటైంది. బస్సులో సైతం ఎవరినో ఒకరిని బతిమాలి సీటు మార్చుకునేవాడు.

అక్క బీడీలు చుట్టేది. ఎన్ని కళ్లజోళ్లు మార్చినా లాభం లేకపోయేసరికి, ఇద్దరికీ వయసు మళ్లాక బావ పట్టుబట్టి నిజామాబాద్‌లో కంటి డాక్టరమ్మకు చూపించాడు. నేనూ వెంట ఉన్నాను. కంటి పైపొర ఎగుడుదిగుడుగా ఉంది కాబట్టి కళ్లజోడుతో చూపు కుదరదని, పలచబడింది కనుక లేజర్ పనికిరాదని, పొర మార్చే ఆపరేషన్ చివరికి ఉంచుకుని ముందు గట్టి లెన్స్ పెట్టి చూద్దామని ఆమె చెప్పింది. లెన్స్ పెట్టగానే అక్క కుడి కన్ను మూసుకుని, గోడ మీది అక్షరాలు వదిలేసి, బావను చూసింది.

"ఒక్కడివే ఉన్నవ్," అంది.

ఇంటికొచ్చాక మొదలైంది చిక్కు. పొద్దంతా బీడీలు చుట్టి, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే లెన్స్ తీసింది. ఏళ్ల తరబడి వేళ్లకు పట్టిన తంబాకు అంత సులువుగా పోతుందా? కన్ను మంటెత్తి ఎర్రబారింది. "గిది నాకొద్దు. బీడీలు బంద్ వెడితే ఇల్లెట్ల నడుస్తది?" అని లెన్స్ డబ్బా మూసేసింది. వచ్చిన చూపు మళ్లీ పోతోందని నాకు ఏడుపొచ్చింది.

కన్ను నిమ్మళించాక, తన వేళ్లకు తంబాకు అంటదు కదా అని బావే డాక్టరమ్మ దగ్గర కూర్చుని లెన్స్ పెట్టడం, తీయడం నేర్చుకున్నాడు. బావది టైలరు పని; సూదిలో దారం ఇట్టే ఎక్కించే ఆ చేతులు అక్క కంటి ముందు వణికేవి.

"రెప్ప గొట్టకు!"

"నీ చెయ్యి వణుకుతుంటే నా రెప్ప ఆగుతదా?"

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇదే గొడవ. అలా అలవాటు పడ్డాక ఓ పొద్దున లెన్స్ పెట్టి, బావ ఎప్పటిలాగే బీడీల చాట దాటుకుని కుడి పక్కకు పోబోయాడు. అక్క ఎడమవైపు చాప తట్టింది.

"గిటే కూసో. మంచిగ అవుపడుతున్నవ్."

కొత్త పెళ్లికొడుకులా ఎటు చూడాలో తెలియక కూర్చున్నాడు బావ. నాకు వాళ్లిద్దరి మీదా ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. కాలం మన దగ్గర్నుంచి ఎన్నో పట్టుకుపోతుంది. ఆ ఎడమ పక్క చోటును మాత్రం వాళ్ల కోసం దాచి ఉంచి, ఇద్దరి జుట్టూ నెరిశాక ఇచ్చింది.