టార్పాలిన్ కింద సూర్యుడు

ఆరుగురి వీసాలను ఒక టార్పాలిన్ కింద పెట్టి, అది ఎగిరిపోకుండా పైన నా పాండిత్యాన్ని బరువుగా పెట్టిన ఘనకార్యం నాది. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. పిల్లలు దగ్గర్లో ఉంటే కాసేపు బయటికి పంపించండి. హేతువాదం మీద వాళ్లకున్న గౌరవం పోతే ఆ పాపం నాకొద్దు.

2007లో నేను అబూ ధాబీ పక్కన ముసఫ్ఫాలో, ఒక ఇనుప పనుల వర్క్‌షాపులో స్టోర్‌కీపర్ని. నట్లూ బోల్టులూ ఇవ్వడం నా ఉద్యోగం, మూఢనమ్మకాలను చీల్చి చెండాడటం నా అసలు వృత్తి. నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడు బాబాల చేతుల్లోంచి రాలే బూడిద ఎక్కడి నుంచి వస్తుందో వేదికలెక్కి చూపించినవాణ్ణి. "చూడకుండా నమ్మకు, అడగకుండా ఒప్పుకోకు" అని అరిచి అరిచి గొంతు అరగదీసుకున్నవాణ్ణి. ముసఫ్ఫా వచ్చాక, సెలవు రోజైన శుక్రవారాలు, మేముండే క్యాంపులో బట్టలు ఉతుక్కునేవాళ్లకు ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. చేతులు సబ్బులో ఉంటాయి కాబట్టి వాళ్లు పారిపోలేరు.

ఆ ఏడు మాకొక విచిత్రమైన పని వచ్చింది. ఎడారిలో ఎండతో కరెంటు తీసే కేంద్రం కట్టాలని ఎవరో తలపెట్టారు. దానికి అద్దాల చట్రాలు మేం చేయగలమో లేదో చూడటానికి ముందుగా ఒక నమూనా చేయమన్నారు. నిలువునా కోసిన పీపాలా వంగిన పొడవాటి అద్దాలు, వాటి నడుమ ఒక నల్ల గొట్టం, గొట్టం చివర ఒక పెద్ద రేకు పెట్టె, పెట్టె మీద ఒక బల్బు. ఇదీ యంత్రం.

మా ముదీర్, అంటే మేనేజరు, ఖాదర్ సాబ్ది కడప. అందరినీ పిలిచి సంగతి చెప్పాడు. ఆర్డరు వస్తే వీసా గడువు దగ్గరపడ్డ ఆరుగురికీ రెన్యువల్, రాకపోతే ఖలాస్, ఇంటికే. ఆ ఆరుగురిలో జగిత్యాల వైపు వాడైన లచ్చన్న ఒకడు. నల్ల గొట్టం వెల్డింగు చేసింది అతనే. ఆ తర్వాత ఖాదర్ సాబ్ నా వైపు తిరిగాడు.

"స్పీచులు బాగా కొడతావు గదప్పా. నమూనా చూసేదానికి వచ్చే ఇంజనీరమ్మకు నువ్వే చెప్పు."

ఇది ఎలా పనిచేస్తుందని ఆ క్షణంలో అడగాలి. అడగలేదు. ఇళ్ల కప్పుల మీద నీలం పలకలు చూసి ఉన్నాను, ఎండ పడగానే వాటిలో కరెంటు పుడుతుందని చదివి ఉన్నాను. ఇవీ వాటి అన్నదమ్ములేనని తీర్మానించాను. కరెంటు అద్దాల్లో పుడుతుంది. మరి గొట్టమెందుకు? అద్దాలు వంగిపోకుండా దన్ను. శుక్రవారం లచ్చన్నా వాళ్లు యంత్రాన్ని పరీక్షించారట. నేను చూడలేదు. ఆ రోజు క్యాంపులో "స్వయంగా పరీక్షించనిదే దేన్నీ నమ్మరాదు" అనే అంశం మీద మాట్లాడుతున్నాను.

ఇంజనీరమ్మ వచ్చే రోజు పొద్దున ఆరింటికే అద్దాల నిండా టార్పాలిన్ కప్పించాను. అద్దాల్లో కరెంటు పోగుపడి ఎవరికైనా షాక్ కొడితే? పైగా ఆమె కళ్లముందే తెర లాగితే బల్బు భగ్గున వెలుగుతుంది, చూడముచ్చటగా ఉంటుంది.

లచ్చన్న వచ్చి మెల్లగా అన్నాడు. "సారూ, ఆమె తొమ్మిదింటికి వస్తదట. గుడ్డ ఇప్పుడే తీద్దామా? నూనె కాగాలె గదా."

"లచ్చన్నా, ఇది సైన్సు. ఇక్కడ మనం మిరపకాయ బజ్జీలు వేయడం లేదు."

అతను నన్ను చూశాడు, గొట్టాన్ని చూశాడు. "సరే సారు, మీరు చదువుకున్నోళ్లు" అని గోడ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

ఇంజనీరమ్మది పుణె. తక్కువ మాట్లాడే మనిషి. ఆ లోటు నేను తీర్చాను. సూర్యుడు దేవుడు కాదని, మండే వాయువుల ముద్ద అని నా హిందీలో పది నిమిషాలు నిరూపించాను. ఆమె కాదనలేదు. ఆపైన టార్పాలిన్ లాగేశాను. అందరం బల్బును చూశాం. బల్బు మమ్మల్ని చూసింది.

అద్దాల మీద దుమ్ము ఉందన్నాను. నా చొక్కాతోనే తుడిచాను. వెలగలేదు. సూర్యుడి నుంచి వెలుగు రావడానికి ఎనిమిది నిమిషాలు పడుతుందమ్మా అన్నాను. అది నిజమే, మీరు ఏ పుస్తకంలోనైనా చూసుకోవచ్చు. ఎనిమిది నిమిషాలు నిలబడ్డాం. వెలగలేదు. కరెంటు ఎక్కడ పుడుతుందని ఆమె అడిగింది. అద్దాల్లో అన్నాను. అయితే వైర్లు చూపించమంది.

వైర్ల కోసం యంత్రం చుట్టూ తిరిగాను. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి.

"ఏమప్పా, గుడి చుట్టూ తిరిగినట్టు తిరగతాండావు. లైటు ఏదీ?" అన్నాడు ఖాదర్ సాబ్.

అద్దం కప్పనేల, ప్రదక్షిణలు చేయనేల. గోడ దగ్గర ఆరుగురూ మా ఊరి ఎన్నికల్లో ఓడిపోయిన అభ్యర్థుల్లా నిలబడి ఉన్నారు. వాళ్ల ముఖాలు చూస్తే అంత ఎండలోనూ నాకు చలి వేసింది.

అప్పుడు లచ్చన్న ముందుకొచ్చాడు. ఆమెకు హిందీలో చెప్పి, నా కోసం అదే తెలుగులో చెప్పాడు. "అద్దాలు ఎండనంత గొట్టం మీదికి తోస్తయి సారూ. గొట్టంల నూనె కాగుతది. ఆ నూనె పెట్టెలకు పోయి నీళ్లను మరిగిస్తది. ఆవిరి చక్రాన్ని తిప్పుతది, చక్రం డైనమోను తిప్పుతది. అప్పుడు గదా కరెంటు. ఎసరు పెట్టంగనే అన్నం అయితదా?"

ఆమె కుర్చీ తెప్పించుకుంది. అందరం చాయ్ తాగాం. దాదాపు గంట తర్వాత పెట్టెలో ఏదో బుసకొట్టింది, చక్రం కదిలింది, బల్బు ఎర్రగా మొదలై తెల్లగా వెలిగింది. గోడ దగ్గరివాళ్లు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఎందుకో పూర్తిగా తెలియకుండానే.

కథ ఇక్కడితో అయిపోతే నేను మామూలు మూర్ఖుణ్ణి. కానీ పోయిన పరువు కొంతైనా తెచ్చుకుందామని, యంత్రం ఆపేసే పని నేనే చేస్తానన్నాను. టార్పాలిన్ మళ్లీ అద్దాల నిండా కప్పాను. ఎండ పోయింది.

బల్బు వెలుగుతూనే ఉంది.

గుడ్డ అంచులు సరిచేశాను. ఒక్క కిరణం దూరే సందు లేదు. బల్బు వెలుగుతూనే ఉంది. ఎండ లేకుండా ఎండ కరెంటు! ఇలాంటి మహిమలను ఎన్నింటిని బట్టబయలు చేయలేదు? పాత విద్య పైకి తన్నుకొచ్చింది. ఎవరో బ్యాటరీ దాచారని ప్రకటించి, నేల మీద పడుకుని, యంత్రం కిందికి పాక్కుంటూ వెళ్లాను. అటు నుంచి ఇటు వెతికి, ఇసుక ముఖంతో బయటికొచ్చేసరికి ఇంజనీరమ్మ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని ఉంది.

లచ్చన్న నా చెయ్యి పట్టి లేపాడు. "దించినంక గూడ చారు కొద్దిసేపు మరుగుతది గదా సారూ. నూనె ఇంకా వేడిగనే ఉన్నది."

ఆమె అప్పటికే గడియారం చూసి రాసుకుంటోంది. బల్బు ఇరవై నిమిషాలు వెలిగి ఆరింది. మబ్బు పట్టినా, పొద్దుగూకినా కాసేపు కరెంటు వస్తుందా అన్నదే తమకు ముఖ్యమట. గుడ్డ కప్పి దాన్ని చూపించాలన్న ఆలోచన ఎవరిదని అడిగింది. ఖాదర్ సాబ్ కనురెప్ప ఆడించకుండా నన్ను చూపించాడు.

ఆర్డరు వచ్చింది. ఆరుగురి వీసాలూ రెన్యువల్ అయ్యాయి. కొండను తవ్వి ఎలుకను పట్టినవాణ్ణి చూశారేమో గానీ, ఎలుకను వెతకబోయి కొండను పట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. అయితే ఇంజనీరమ్మ వెళుతూ వెళుతూ ఒక మాట చెప్పిందట. ఈసారి తాము వచ్చినప్పుడు లచ్చన్న మాట్లాడాలి, స్టోర్‌కీపర్ స్టోర్లో ఉండాలి, వీలైతే తలుపు వేసి.

వీసాలు చేతికొచ్చిన సాయంత్రం కంపెనీ బస్సులో లేచి నిలబడి గంభీరంగా ప్రతిజ్ఞ చేశాను. తయారుచేసినవాణ్ణి అడగకుండా ఇకపై ఏ యంత్రం ముందూ నోరు విప్పను. అంతా బాగానే ఉంది గానీ ఒట్టు పెట్టడానికి నాకు దేవుడు లేడు. సైన్సు మీద పెడదామంటే అది టార్పాలిన్ లాగిన పొద్దునే నన్ను వదిలేసింది. దిక్కుతోచక పక్క సీట్లో ఉన్న లచ్చన్న తల మీద చెయ్యి పెట్టబోయాను.

అతను తల పక్కకు తీసుకున్నాడు. "నా మీద పెట్టకుండ్రి సారూ. వీసా ఇప్పుడే రెన్యువల్ అయింది."