ఉప్పునీళ్ళ తొట్టి కింద బల్ల

నాన్న చేతికి వణుకు వచ్చిందని మేము గుర్తించేసరికే అది ముదిరింది. ఒంటిచేత్తో గ్లాసు పట్టుకుని కాఫీ తాగే మనిషి ఉన్నట్టుండి రెండు చేతులూ వాడటం మొదలుపెట్టారు. కాఫీ వేడిగా ఉందేమో అనుకున్నాను. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి ఎక్కువసేపు పడుతుంటే వయసు అనుకున్నాను. చివరికి కాకినాడ తీసుకెళ్తే, డాక్టరు ఆయన చేత కాగితం మీద చుట్టలు చుట్టలుగా గీత గీయించి చూసి జబ్బు పేరు చెప్పారు. మందులతో కొంత అదుపులో పెట్టగలమేగానీ పోగొట్టలేమన్నారు. గీత వంకరటింకరగా, పురుగు పాకినట్టుగా ఉంది. నాన్న ఆ కాగితం వైపే చూస్తూ ఉండిపోయారు.

నాన్న పడవలు చేసేవారు. రాజోలు దగ్గర వశిష్ఠ గట్టున ఒక పాక వేసుకుని, నావలు, జాలరి పడవలు చేస్తూ సగం జీవితం గడిపారు. రేవుల మీద వంతెనలు పడ్డాక ఆ పని తగ్గిపోయింది. తర్వాత ఇళ్ళకు గుమ్మాలు, కిటికీలు, ఉయ్యాల బల్లలు చేశారు. ఎవరైనా జాలరి పాత పడవ బాగుచెయ్యమని వస్తే మాత్రం చేతిలో ఉన్న గుమ్మాన్ని పక్కన పడేసి వెళ్ళిపోయేవారు. అమ్మ పోయాక ఆయన్ని అమలాపురంలో మా ఇంటికి తెచ్చుకున్నాం. ఆయనతోపాటు పనిముట్ల పెట్టె కూడా వచ్చి మంచం కింద చేరింది. వచ్చాక ఆయన దాన్ని తెరవలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వరండాలో కుర్చీ వేసుకుని, వణికే కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చునేవారు.

నేను ఇంటర్మీడియట్ పిల్లలకు జువాలజీ చెబుతాను. మావారికి ఐ.పోలవరంలో రొయ్యల మేత కొట్టు ఉంది. మా ఇంట్లో మాటలన్నీ చెరువులు, నీటిలో ఉప్పు, తెల్లమచ్చ తెగులు చుట్టూనే తిరుగుతాయి. నీళ్ళలో బతికే ప్రతిదాన్నీ తూకం వేసి మాట్లాడుకునే ఇల్లు అది. ఎవరూ పట్టని, ఎవరూ తూచని ప్రాణులు ఉండే ఉప్పునీళ్ళు కొన్ని నా ఇంట్లో ఉండాలని నాకు ఎప్పటినుంచో కోరిక. పగడాలు, వాటి సందుల్లో దూరి తిరిగే చిన్న చేపలు, ఏళ్ళ తరబడి బోర్డు మీద సుద్దముక్కతో గీసి చూపించిన జీవులు ప్రాణంతో కళ్ళముందు కదలాలని. విశాఖపట్నంలో ఒకాయన ఊరు మారుతూ నాలుగడుగుల గాజు తొట్టిని అమ్మేస్తున్నారంటే తెప్పించుకున్నాను.

తొట్టి వచ్చింది గానీ దాని కింద పెట్టడానికి బల్ల లేదు. నీళ్ళు, ఇసుక, రాళ్ళు నింపితే అది అర టన్నుకు దగ్గరగా తూగుతుంది. కింద బల్ల ఒక పక్కకు రవ్వంత వాలినా గాజు అతుకుల మీద ఒత్తిడి పడి ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది. వెల్డింగ్ షాపులో ఇనప స్టాండు చేయిద్దామని మావారు అంటుంటే వరండాలోంచి నాన్న గొంతు వినిపించింది.

"ఉప్పునీళ్ళ కింద ఇనుము ఎన్నాళ్ళుంటుందండీ అల్లుడుగారూ?"

"మరేం చేద్దామంటారు మావయ్యగారూ?"

"చెక్కతో చేద్దాం. నేను చేసిస్తాను."

మావారు నా వైపు చూశారు. ఆయన అడగదలచుకున్నది నాకు అర్థమైంది. కానీ అమ్మ పోయిన తర్వాత నాన్న తనంతట తాను ఒక పని చేస్తానని అనడం అదే మొదటిసారి. "సరే నాన్నా" అన్నాను.

మర్నాడే ఆయన మావారిని వెంటబెట్టుకుని కర్రల అడితికి వెళ్ళి టేకు ఏరి తెచ్చుకున్నారు. ఒక్కో దుంగ మీద అరచేత్తో కొట్టి, చెవి దగ్గరగా పెట్టి విన్నారట. పెట్టె మంచం కిందనుంచి బయటికి వచ్చింది. ఉలులు, సుత్తి, రంపం, మూలమట్టం అన్నీ గోనె మీద వరసగా సర్దుకున్నారు. మాత్ర వేసుకున్నాక కాసేపు ఆయన చెయ్యి మాట వినేది. ఆ కాసేపట్లోనే పని చేసేవారు. వణుకు మళ్ళీ మొదలవగానే ఉలి కింద పెట్టేసి, నేను చూస్తున్నానేమోనని తలెత్తి చూసేవారు. నేను చూపు తిప్పుకునేదాన్ని. కాలేజీ నుంచి వచ్చేసరికి వరండా నిండా చిత్రిక పట్టిన పొట్టు, టేకు వాసన. ఆ రోజుల్లో ఆయన అన్నం కూడా బాగా తిన్నారు.

"మేకులొద్దు, స్క్రూలొద్దమ్మా," అనేవారు. "ఈ కర్ర చివర నాలుకలా కుసి చెక్కుతాం, ఆ కర్రలో బెజ్జం తొలుస్తాం. కుసి బెజ్జంలో బిగిసిందంటే ఇంక అది రెండు కర్రలు కాదు, ఒకటే."

బల్ల నిలబడింది. చూడ్డానికి ఎంతో బాగుంది. ఒక ఆదివారం దాని మీది దుమ్ము తుడుస్తుంటే, గోడవైపు వచ్చే వెనక కాళ్ళ దగ్గర గుడ్డ గరుకుగా తగిలింది. వంగి చూశాను. కుసి చుట్టూ ముదురు రంగులో ఒక చార ఉంది. గోటితో నొక్కితే గోరు దిగింది. అది చెక్క కాదు, జిగురు కలిపి కూరిన రంపపు పొట్టు. బెజ్జం వెడల్పయిపోయింది. రెండో కాలు దగ్గరా అంతే. ముందు వైపు కాళ్ళు మాత్రం చక్కగా బిగిసి ఉన్నాయి. బాగా కుదరనివాటిని ఆయన గోడవైపుకు పెట్టారు.

సాయంత్రం మావారికి చూపించాను. ఆయన వెనక కాళ్ళ దగ్గర వేలితో తట్టి చూసి, గొంతు తగ్గించి అన్నారు: "దీని మీద తొట్టి పెట్టకూడదు. గాజు పగిలిందంటే పక్కన ఎవరున్నా ప్రమాదమే. నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

"ఎవరం చెప్పినా ఆయనకి ఒకటే కదండీ."

ఆ మాటలు నాన్న విన్నారో లేదో ఇప్పటికీ తెలియదు. భోజనం చేస్తూ చేస్తూ మావారితో అన్నారు: "రేపు కొట్లోంచి మేత బస్తాలు తెప్పించండి అల్లుడుగారూ. నేను పడవ చేసినా ఇసక బస్తాలెత్తి చూడందే ఎవరికీ ఇచ్చేవాణ్ణి కాదు. దీనికీ అలాగే చూద్దాం."

మర్నాడు పొద్దున్న ఆటోలో బస్తాలు వచ్చాయి. మావారు ఒక్కొక్కటీ ఎత్తి బల్ల మీద పేరుస్తుంటే నాన్న పక్కన నిలబడి కాళ్ళనే చూస్తున్నారు. సగానికి పైగా పేర్చేదాకా ఏమీ కాలేదు. అప్పుడు వెనక నుంచి ఎండుకొమ్మ విరిగినట్టు చిన్న చప్పుడు వచ్చింది. మావారు చేతిలో బస్తాతో ఆగిపోయారు. నాన్న మాత్రం ఆగలేదు. ముందుకు వచ్చి బల్ల పక్కకు చెయ్యి అడ్డం పెట్టారు, దాన్ని నిలబెట్టాలని. వెనక కాలు లోపలికి మడుచుకుపోయింది. బస్తాలు ఒకదాని మీద ఒకటి జారి ఆయన్ని పడేశాయి. మేము వాటిని లాగి ఆయన్ని లేవదీసేసరికి కుడి మణికట్టు వాలిపోయి ఉంది. ఆయన మాత్రం విడిపోయిన కర్ర వైపు చూస్తూ ఉన్నారు.

ఆస్పత్రిలో పిండికట్టు వేయించి బయట బెంచీ మీద కూర్చున్నాం. మావారు మందులు తేవడానికి వెళ్ళారు. అప్పుడు నాన్న అన్నారు, "నాకు తెలుసమ్మా. ఆ బెజ్జం తొలుస్తున్నప్పుడే తెలిసింది, ఉలి పక్కకెళ్ళిపోయిందని."

"మరి చెప్పలేదేం నాన్నా? ఇంకో కర్ర తెచ్చుకునేవాళ్ళం కదా."

"ఇంకో కర్ర తెస్తే దానికీ ఈ చెయ్యే కదా. చెప్తే నువ్వింక వద్దంటావు."

నిజంగానే వద్దని ఉండేదాన్ని.

ఇంటికొచ్చాక ఆయనకు మరో బెంగ పట్టుకుంది. రెండు వానాకాలాల కిందట, మా ఇంటికి రాకముందు, ఆయన ఆఖరుసారి ఒక పడవను బాగుచేశారు. అది ఐ.పోలవరంలో ఒక జాలరిది. పక్క చెక్కలు తీసేసి కొత్తవి వేశారు. "అప్పటికే చెయ్యి ఇలాగే ఉందమ్మా. ఇప్పుడు గుర్తొస్తోంది. సుత్తి రెండుసార్లు జారింది," అంటూ మొదలుపెట్టారు. పొద్దున్న లేస్తూనే ఆ మాట, మావారు కొట్టుకు బయల్దేరుతుంటే ఆ మాట. "ఆ పడవ మీద మనుషులు సముద్రం మీదకెళ్తారండీ అల్లుడుగారూ. నేను చూడాలి." ఎన్ని చెప్పినా వినలేదు. ఒకరోజు సెలవు పెట్టి నేనూ వాళ్ళతో బయల్దేరాను.

ఆ జాలరికి నలభై ఏళ్ళు దాటి ఉంటాయి. పాయ ఒడ్డున వల బాగుచేసుకుంటున్నవాడు నాన్నని చూసి లేచి వచ్చాడు. "రండి మేస్త్రిగారూ. అయ్యో, చేతికేమైందండీ?"

"పడ్డానులే. పడవేదీ?"

చెప్పమంటారా అన్నట్టు అతను మావారి వైపు చూశాడు. తర్వాత చేత్తో చూపించాడు. ఒడ్డున బోర్లించిన పడవకు, నాన్న వేసిన పక్క చెక్కల మీదుగా ఫైబరు పూత ఉంది.

"నీరు కారేదా?" అని అడిగారు నాన్న.

అతను కాళ్ళ దగ్గర ఇసుక వైపు చూస్తూ "ఆయ్, కారేదండి" అన్నాడు.

"ఎప్పట్నించి?"

"మీరు చేసిచ్చేక మొదటి వేటకేనండి. మా తమ్ముడు నీళ్ళు తోడుతుంటే ఎలాగో గట్టుకొచ్చేం."

"నాకు చెప్పలేదేం?"

"మా నాన్న పడవ కూడా మీరే చేసేరు కదండీ. అది ఏళ్ళ తరబడి చుక్క నీరు తియ్యలేదు. ఆరోజు మీ చెయ్యి చూసేం. మీతో ఎలా చెప్తామండీ?"

నాన్న పడవ దగ్గరకు వెళ్ళి ఎడమచేత్తో ఆ పూతను అటు నుంచి ఇటు దాకా తడిమారు. "బాగా వేసేరు," అన్నారు. తర్వాత పిండికట్టు చెయ్యి ఇంకో చేతికి ఆనించి దణ్ణం పెట్టబోతే అతను గబుక్కున ఆ చేతులు పట్టుకున్నాడు. "అంత మాటేమీ లేదండి. అందరం బాగానే ఉన్నాం కదండీ," అన్నాడు. అతని భార్య మాకు టీ తెచ్చింది. నాన్న గ్లాసు ఎడమచేత్తో పట్టుకున్నారు, సగం ఒలికింది. ఎవరూ చూడనట్టే ఉన్నారు.

తిరిగొస్తున్నప్పుడు కారులో ఒకే మాట అన్నారు: "అందరికీ ముందే తెలుసన్నమాట."

పిండికట్టు విప్పాక పనిముట్లు ఎవరికైనా ఇచ్చెయ్యమన్నారు. ఇనప స్టాండు చేయించుకోమన్నారు. నేను ఒప్పుకోలేదు. ముందు వైపు కాళ్ళు బాగానే ఉన్నాయి కదా, వెనకవి రెండూ నేను చేస్తానన్నాను. "నీకెందుకమ్మా ఈ గొడవ" అని ఆయన కుర్చీని వీధివైపుకు తిప్పుకున్నారు. నేను రోజూ కాలేజీ నుంచి వచ్చి వరండాలో గోనె పరుచుకుని, వీడియోల్లో చూసి ఉలితో కుస్తీ పట్టేదాన్ని. ఆయన వెనక్కి తిరిగేవారు కాదు. కానీ చప్పుడు వింటూనే ఉన్నారని తెలిసేది. ఒక సాయంత్రం నేను రెండో కర్రను కూడా పాడుచేస్తుంటే అటు తిరిగే అన్నారు: "ఉలి వాలుగా పట్టుకున్నావు. నిలువుగా పట్టుకో. చప్పుడు మారాలి."

అలా మొదలైంది. అది హాయిగా సాగిందని చెబితే అబద్ధం. నాన్న ఓర్పున్న గురువు కాదు. నేను చెక్కిన కుసిని ఎడమచేత్తో తీసుకుని, వేలితో తడిమి, పెరట్లోకి విసిరేసేవారు. "మళ్ళీ చెయ్యి." ఒకసారి నేను ఏడ్చేశాను. "ఇది చేపల బల్ల నాన్నా, పడవ కాదు," అన్నాను. ఆయన ముఖం మారిపోయింది. లేచి గదిలోకి వెళ్ళిపోయారు. ఆయన తిడుతున్నది తన చేతినేనని నాకు తెలుసు. అయినా ఆ మాటలన్నీ పడుతున్నది నేను. మావారు పొద్దున్నా సాయంత్రం మా ఇద్దరినీ చూసి, ఇంత బాధ ఎందుకు, కొనేసుకుందాం అనేవారు.

చివరికి రెండు కాళ్ళూ కుదిరాయి. బిగించాక నాన్న నన్ను పక్కకు జరగమని, బల్లకు భుజం ఆనించి తోసి చూశారు. కదల్లేదు. నేను ఆయన నోటి నుంచి ఒక మంచి మాట వస్తుందని చూశాను.

"తుప్పు పట్టని బోల్టులు కూడా వేయించు," అన్నారు. "నీ చేతి మీద నాకింకా నమ్మకం లేదు."

వేయించాను. మేత బస్తాలు మళ్ళీ వచ్చాయి. ఈసారి పూర్తి బరువు పెట్టి వారం పైగా అలాగే ఉంచాం. ఆ రోజుల్లో నాన్న బల్ల ఉన్న గదిలోకి రాలేదు. తర్వాత మావారు తెలిసిన రొయ్యపిల్లల హేచరీ నుంచి డ్రమ్ముల్లో సముద్రపు నీళ్ళు తెప్పించారు. రాళ్ళు పెట్టాం, ఇసుక పరిచాం. మొదట వేసిన పగడాల్లో కొన్ని తెల్లబడి చచ్చిపోయాయి. తర్వాత వేసినవి నిలిచాయి. నారింజ రంగు చేపలు రెండు వాటి చుట్టూ తిరుగుతుంటాయి.

ఇప్పుడు నాన్న కుర్చీ వరండాలోంచి తొట్టి ముందుకు చేరింది. చూస్తున్నారో, ఊరికే కూర్చుంటున్నారో చెప్పలేను. చెయ్యి ఇంకా ముదిరింది. అన్నం నేనే కలిపి స్పూను వేసి ఇస్తున్నాను. ఇంటికి వచ్చినవాళ్ళు తొట్టిని మెచ్చుకుని, బల్ల మీరే చేసుంటారు కదండీ అని ఆయన్ని అడుగుతారు.

"మా అమ్మాయి చేసిందండి," అంటారు నాన్న.

ఆ మాటలో గర్వం ఉందో, ఆ బరువు ఇంక తన మీద లేదని చెప్పుకోవడమే ఉందో నాకు అర్థం కాదు. ముందు కాళ్ళు రెండూ ఆయనవే. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పరు, నన్నూ చెప్పనివ్వరు. నేను రోజూ కాలేజీకి బయల్దేరే ముందు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, గోడకూ తొట్టికీ మధ్య తల దూర్చి నా కుసుల దగ్గర వేలు పెట్టి చూసుకుంటాను, బిగువు వదిలిందేమో, తడి తగులుతుందేమోనని. ఆ సమయంలో నాన్న ఊపిరి బిగబట్టి నా వైపే చూస్తుంటారు. ఏమీ లేదు నాన్నా అంటాను. ఆయన తలూపి మళ్ళీ చేపల వైపు తిరుగుతారు.