ఫకీర్ చాచాను దారి అడగొద్దు

ఫకీర్ మహమ్మద్‌ను దారి మాత్రం అడగకూడదు. గొడుగు అడిగితే ఇస్తాడు, సైకిల్ అడిగితే ఇస్తాడు, దారి అడిగితే చెప్పడు. చూపిస్తాడు. ఆ చూపించడంలో హనుమకొండ యూనివర్సిటీ మొత్తం, దాని చుట్టూ ఉన్న ఊరు సగం కలిసి వస్తాయి.

ముప్పై నాలుగేళ్ళు యూనివర్సిటీ లైబ్రరీలో అటెండరుగా చేసి రిటైరైన మనిషి. రిటైరైన మర్నాడు కూడా తొమ్మిదింటికల్లా తెల్ల టోపీ పెట్టుకుని గేటు దగ్గర సైకిల్ దిగాడు. ఆనాటి నుంచి ఆయన డ్యూటీ అక్కడే. ఆ గేటు దగ్గరే ఆటో నడిపే ఎల్లస్వామికి ఇది తిండికి తిప్పలు తెచ్చే వ్యవహారం. బస్సు దిగిన మనిషి ఆటో వైపు రెండడుగులు వేసేలోపు చాచా ఎదురొస్తాడు.

"ఏడికి బిడ్డా?"

"కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ అంకుల్."

"గదెంత దూరం. దా."

ముందు లైబ్రరీ వస్తుంది. తర్వాత ఒక పెద్ద ప్రొఫెసరు రోజూ కూర్చుని దినపత్రిక చదివిన బండ, ఆ బండ మీద ఆయన చెయ్యి ఆనించిన చోటు. తర్వాత హాస్టళ్ళు. ఆ తర్వాతెప్పుడో కెమిస్ట్రీ. మధ్యలో ఎవరైనా నసిగితే ఒకటే మాట: "ఈడిదాక వచ్చినంక అది చూడకుంట పోతె ఎట్ల?"

ఒకసారి హైదరాబాదు నుంచి ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన పెద్దసారొకరు ఎవరూ లేని చోట చాచాకు దొరికి, మెల్లగా బాత్రూం ఎటని అడిగారు. చాచా ఆయన్ని లైబ్రరీ చూపించి, బండ చూపించి, ఆడిటోరియం మెట్ల దాకా తీసుకుపోయాడు. సారు అప్పటికే పరుగులాంటి నడకలో ఉన్నారు. "చరిత్ర మీద అంత తొందర ఉన్నోణ్ణి నేను మళ్ళ చూడలే" అని చాచా ఇప్పటికీ ఆయన్ని మెచ్చుకుంటాడు.

ఇంట్లో కూడా ఇదే వరస. పెళ్ళైన కొత్తలో భార్య సుగ్రా బేగానికి జ్వరమొస్తే దవాఖానకు నడిపించుకుంటూ బయల్దేరాడు. దవాఖాన చేరేసరికి జ్వరం తగ్గిపోయింది. "దవాతోని తగ్గలే. ఇగ నడవలేక నేనే తగ్గిందన్న" అంటుంది ఆమె.

ఎల్లస్వామి ఇవన్నీ చెప్పి నవ్వించేవాడు. అసలు సంగతి తన ఇంటిదాకా వచ్చిన రోజు మాత్రం నవ్వలేదు.

ఎల్లస్వామి అక్క బిడ్డ అక్షరది పరకాల. డిగ్రీ అయ్యాక ఏడాది పాటు అక్కడే బట్టల దుకాణంలో పనిచేసింది. పీజీకి చివరి విడతలో సీటు తగిలింది. ఆ రోజు సాయంత్రం నాలుగింటి లోపల కాగితాలు చూపించి చేరకపోతే సీటు పోయినట్టే, ఇంకో ఏడాది చీరలు మడతపెట్టాల్సిందే. వాళ్ళింట్లో ఇంత దూరం చదివినవాళ్ళు లేరు. ముందురోజే పరకాల పోయి ఫైలు ఎల్లస్వామే చూశాడు. "అన్ని ఉన్నయే అక్కా, నువ్వు ఫికర్ చెయ్యకు" అని మాటిచ్చాడు.

ఒంటిగంటకు బస్సు దిగుతుంది, తనే గేటు దగ్గర ఉండి తీసుకుపోవాలి. సరిగ్గా అప్పుడే ఒక నిండు గర్భిణిని దవాఖానకు తీసుకుపోవాల్సి వచ్చింది. వెనక్కి వస్తూ ఫోన్ చేశాడు.

"మామా, నేను దిగిన. ఎవరో చాచా యూనివర్సిటీ చూపిస్తాండు. మంచిగ చెప్తాండు మామా..."

"అక్షరా, ఆయనతోని పోకు. నా మాట విను, ఆడ్నే నిలబడు..."

పిల్ల ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. చాచా ఫోన్‌కు చేస్తే సుగ్రా బేగం ఎత్తింది.

"ఫోను ఇంట్లనే ఉన్నది. మనిషే లేడు. పొద్దుగాల కొత్తిమీరకు పంపిన."

"ఎప్పుడొస్తడు చాచీ?"

"కొత్తిమీర నిరుటిది కూడ ఒకటి బాకీ ఉన్నది బేటా."

ఎల్లస్వామి లైబ్రరీకి ఆటో ఉరికించాడు. అరగంట కిందనే పోయారన్నారు. రెండో గేటు దగ్గర జిరాక్స్ షాపు భాస్కర్ చెయ్యి ఊపాడు.

"మీ కోడలట కద? వేయిస్తంభాల గుడికి పోయిన్రు."

"గుడికా? నాలుగింటికి కౌంటర్ మూస్తరురా."

"అది కాదన్నా, పిల్ల ఫైల్ల..."

భాస్కర్ మాట పూర్తయ్యే లోపల ఆటో కదిలింది. గుడి దగ్గర చెప్పులు చూసుకునే ముసలమ్మను అడిగాడు.

"టోపీ పెట్టుకున్న చాచా, ఒక పిల్ల. వచ్చిన్రా?"

"వచ్చిన్రు, పోయిన్రు. నందిని చూపిచ్చిండు. పిల్ల మస్తు నవ్వింది. ఇప్పుడు అదాలత్ చూపిస్తనని షేర్ ఆటోల తీస్కపోయిండు."

అది కూడా వేరేవాడి ఆటో. ఎల్లస్వామికి ఆ మాట ఇంకో దెబ్బ.

"కోర్టుల చూసెతందుకు ఏమున్నదే?"

"నాకేమెరుక బిడ్డా. నా చెప్పులు నేను చూసుకుంటాన."

అదాలత్ దగ్గర నల్లకోట్లు తప్ప తెల్ల టోపీ కనపడలేదు. మూడున్నర అయింది. ఇక వెతకడం మానేసి, కాళ్ళు పట్టుకునైనా కొంచెం టైం అడుగుదామని అడ్మిషన్ల కౌంటర్‌కు పోయాడు. అక్కడ కాగితాలు చూసే అరుణ మేడం ఒకమ్మాయిని వెనక్కి పంపిస్తోంది.

"గ్యాప్ అఫిడవిట్ ఏదమ్మా? మధ్యల ఏడాది చదువు ఆపినవు కద, ఏం చేసినవో స్టాంపు కాగితం మీద రాసి నోటరీ చేయించాలె. ఉరుకు, ఇంక అరగంట ఉంది."

ఎల్లస్వామి నిన్న చూసిన కాగితాలు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. అక్షర ఫైల్లో అలాంటి కాగితం లేదు. ఏడాది ఆగినందుకు కూడా ఒక కాగితం ఉంటుందని ఆయనకు తెలియదు. అన్నీ ఉన్నాయని అక్కకు మాటిచ్చింది తనే. తను తీసుకొచ్చి ఉంటే తిన్నగా ఈ లైన్లో నిలబెట్టి, ఆ అమ్మాయిలాగే ఉరికించేవాడు.

మూడూ నలభైకి తెల్ల టోపీ వచ్చింది. వెనక అక్షర, ఒక చేతిలో గుడి ప్రసాదం, ఇంకో చేతిలో నిన్నటికంటే లావైన ఫైలు. చాచా చంకలో కొత్తిమీర కట్ట, తలవాల్చి.

"మామా, మీ ఊరు ఇంత మంచిగుంటదని నాకు చెప్పనే లేదు" అంటూ పిల్ల వెళ్ళి లైన్లో నిలబడింది.

అరుణ మేడం ఫైలు తిప్పింది. ఒరిజినల్స్, రెండు జిరాక్స్ సెట్లు, ఫోటోలు, కింద నోటరీ ముద్రతో స్టాంపు కాగితం. తలెత్తి చూసింది.

"ఫకీర్ సాబ్‌తోని తిరిగొచ్చినవా?"

"అవును మేడం."

"అట్లనే ఉంటయి ఆయన పిల్లల ఫైళ్ళు."

ముద్ర పడింది. ఎల్లస్వామి అక్కకు ఫోన్ చేసి "సీటు మనదేనే" అన్నాడు. ఆ పక్క అక్క ఏమందో వినపడలేదు. వీధంతా వినేట్టు ఎవరికో చెబుతోంది.

"ఆ కాయిదం సంగతి నీకెట్ల తెలిసింది?" అని అడిగాడు అక్షరను.

"నాకు తెల్వలే మామా. లైబ్రరీ కాడ, ఎప్పుడు పాసైనవ్ బిడ్డా అని అడిగిండు. నిరుడన్న. ఇగ టూరు పెద్దదైంది. అదాలత్ కాడ, ఈడిదాక వచ్చినంక ఒక నోటరీ సంతకం చేయించకుంట పోతె ఎట్ల అన్నడు. నేను నవ్వుకుంట సంతకం పెట్టిన."

ఎల్లస్వామి చాచా వైపు తిరిగాడు. "కాయిదం తక్కువున్నదని ఆడ్నే చెప్పొచ్చు కద చాచా?"

"చెప్తె ఏమైతది? పిల్ల చేతులు కాళ్ళు వణుకుతయి. ఏడ్సుకుంట ఉరుకుతది, ఏదో ఒకటి బస్సుల మర్చిపోతది. గుడి చూద్దామంటె నిమ్మళంగ నడుస్తది. పనైతె రెండు తీర్లా ఒక్కటే."

"అంటె ఇన్నేండ్ల సంది, వచ్చినోళ్ళందరిని..."

"అందరికి కాయిదాలు తక్కువుండయిరా. కొందరికి ధైర్యం తక్కువుంటది. జర తిప్పితె, ఊరు తెల్సినట్టైతది."

ఎల్లస్వామి ఆటో తాళంచెవి తీశాడు. అంతలో ఒక అనుమానమొచ్చింది. "మరి బాత్రూం సారు?"

చాచా టోపీ సర్దుకున్నాడు. "గాయన అర్జెంటని ముందుగల్ల చెప్పాలె కద."

ఇద్దరినీ ఆటో ఎక్కించాడు ఎల్లస్వామి. హనుమకొండ చౌరస్తా దగ్గర చాచా ఇంటికి ఎడమకు తిరగాలి. ఆటో తిరగలేదు, తిన్నగా వరంగల్ దారి పట్టింది.

"ఎటు పోతానవ్‌రా?"

"ఖిలాకు. ఈడిదాక వచ్చినంక పిల్లకు ఆ కోట చూపియ్యకుంట పోతె ఎట్ల?"

చాచా మొహం పాఠం వచ్చిన శిష్యుణ్ణి చూసినట్టు వెలిగింది. అప్పుడే ఎల్లస్వామి ఫోన్ మోగింది.

"బేటా, నా కొత్తిమీర ఏమాయె?" అంది సుగ్రా బేగం.

"వస్తాంది చాచీ," అన్నాడు ఎల్లస్వామి. "ఖిలా చూసుకుంట వస్తాంది."