దర్జీ అన్న అంగడికి వచ్చిన కాయితం

మా ఊరికి బొగ్గు ఇంజన్లు వచ్చే రోజుల్లో స్టేషన్ ఎదుటి బజారులో ఏది ముట్టుకున్నా చేతికి మసి అంటేది. ఇంజన్ షెడ్డు సైరన్ మోగితే అంగళ్ళు తీసేవాళ్ళం, సాయంత్రం మళ్ళీ మోగితే దీపాలు పెట్టేవాళ్ళం. నాది ఇడ్లీ అంగడి. పక్కది దర్జీ అన్నది. మధ్యలో ఒక్క రేకు గోడ. ఇంజన్ డ్రైవర్లకు నీలం చొక్కాలు ఆయనే కుట్టేవాడు. నిప్పురవ్వలు పడి ఆ చొక్కాలకు చిల్లులు పడేవి కాబట్టి ఆయన మిషను ఆగేది కాదు.

డీజిల్ ఇంజన్లు వచ్చాక చొక్కాలు కాలడం మానేశాయి. ఆ తర్వాత షెడ్డే మూసేశారు. క్వార్టర్లలో కిటికీలు ఊడిపోయి తుమ్మ చెట్లు మొలిచాయి. రొట్టెల అంగడి పోయింది, సోడా అంగడి పోయింది, పక్కనున్న బోగోలు నుంచి చేపల గంపలు తెచ్చే ఆడవాళ్ళు రావడం తగ్గిపోయింది. చివరికి మా వరసలో ఆరు అంగళ్ళు మిగిలాయి. అన్న లంగాలకు అంచులు కుట్టుకుంటూ కూర్చునేవాడు.

మా ఆరుగురిలో గడగడా చదవగలిగింది ఆయనొక్కడే. ఎవరికి ఏ కాయితం వచ్చినా ఆయన దగ్గరికే తీసుకుపోయేవాళ్ళం. నాకు కాయితమంటే పొట్లం కట్టేది, అంతే. ఒకవైపు ఖాళీగా ఉండే దళసరి కాయితం దొరికితే సంబరం. వడల నూనె తొందరగా దిగదు.

ఆ ఏడు అన్న కంటి ఆపరేషనుకు నెల్లూరు పోయాడు. అంగడి ముందు ఊడ్చి నీళ్ళు చల్లమని నాకు చెప్పి పోయాడు. ఒకరోజు పొద్దున చూస్తే అందరి షట్టర్ల కిందా తెల్లటి కాయితాలు దూర్చి ఉన్నాయి. నాది తీసుకున్నాను. ఆయన అంగడి ముందు ఊడుస్తూ ఆయనదీ తీసుకున్నాను. ఆయన ఊళ్ళో లేడు కదా, ఊరికే తడిసిపోతుందనుకున్నాను. రెండూ చించి వడలు కట్టాను.

పట్టాలు బాగుచేసే పనివాడొకాయన వడ తింటూ పొట్లం కాయితం చదివి వెనక్కి వచ్చాడు. అది నా అంగడి పేరు మీద వచ్చిందేనన్నాడు. రైల్వేవాళ్ళు పాత వరస పడగొట్టి వెనక కొత్త గదులు కడతారట, కావాలన్నవాళ్ళు శనివారంలోగా వాళ్ళ ఆఫీసులో అర్జీ ఇచ్చుకోవాలట. ఎవరిది వాళ్ళే ఇచ్చుకోవాలని కూడా చెప్పాడు. నేను పరుగున పోయి వేలిముద్ర వేసి వచ్చాను. అన్న సంగతి మనసులోకి రాకపోలేదు. చదువొచ్చిన మనిషికి నేను చెప్పేదేముంది, ఆయనకు ముందే తెలిసుంటుందిలే అనుకున్నాను. ఆయనకు తెలియాల్సిన కాయితం నేనే చించానని ఆ పూట నాకు తట్టనే లేదు.

తట్టేసరికి ఆయన నల్లద్దాలు పెట్టుకుని తిరిగొచ్చాడు. శనివారం పోయి వారమైంది.

"నా షట్టరు కింద ఏమన్నా కాయితం వేసినారామ్మా?" అని అడిగాడు.

"నేను చూళ్ళేదన్నా" అన్నాను.

ఆయన ఆఫీసు చుట్టూ చాలా రోజులు తిరిగాడు. గడువు దాటిందన్నారు. ముప్పై ఏళ్ళు కూర్చున్న చోటు ఒక్క పూటలో మట్టికుప్పయింది. నాకు గది వచ్చింది. ఆయన మిషను తెచ్చి నా కొత్త గది వసారాలో వేయించాను. నా మంచితనాన్ని ఆయన నలుగురికీ చెప్పుకునేవాడు. అది వినడం కష్టంగా ఉండేది.

నాకు అక్షరాలు నేర్పింది ఆయనే. అప్పటికి నాకు అరవై దాటాయి. బేరాలు లేని మధ్యాహ్నాల్లో కడప బండ మీద, బట్టకు గుర్తులు పెట్టే సుద్దతో దిద్దించేవాడు. 'ఇ' రాస్తే, "దీనికంటే నీ ఇడ్లీనే గుండ్రంగా ఉండాదే" అనేవాడు. రెండేళ్ళకు మాటలు కూడబలుక్కుని చదవగలిగాను. అప్పటికి ఆయన చూపు బాగా తగ్గిపోయింది. నా గీతలు కనబడేవి కావు, రాసింది చదివి వినిపించమనేవాడు.

ఒక మధ్యాహ్నం బండ నిండా రాశాను. 'అన్నా ఆ కాయితం నేనే తీసినాను.' నా అంతట నేను రాసిన మొదటి వాక్యం అది.

"ఏం రాసినావు, చదువు" అన్నాడు.

"వడ అని రాసినానన్నా" అన్నాను.

ఆయన మెల్లగా నవ్వాడు. "వడకు అంతసేపు గీకినావే. సుద్ద చప్పుడు నాకు వినబడింది."

నేను సుద్దముక్కను మిషను సొరుగులో వేశాను.

"సర్లే, తుడిచెయ్. నోరు తిరిగిన రోజు చదువుదువులే" అన్నాడు.

తడిగుడ్డతో తుడిచాను. ఆ వానాకాలంలోనే ఆయన పోయాడు. మిషను ఇంకా వసారాలోనే ఉంది. దాని సొరుగులో ఆ సుద్దముక్క ఉంది. ఇప్పుడు ఆ వాక్యం తడుముకోకుండా చదవగలను.