బాబాయ్‌కి చెప్పిన పాఠాలు

మనుషులతో మూడు ముక్కలు మాట్లాడలేని ఆ అమ్మాయి, కంప్యూటర్‌తో మాత్రం మూడు పూటలా మాట్లాడేది. అదీ వరస కలిపి! ల్యాబులో కిటికీ పక్కనున్న పాత యంత్రం ఆమెకు బాబాయ్. రాసిన ప్రతి లైనూ బాబాయ్‌కి గొంతెత్తి వివరించి, ఆయన ఒప్పుకున్నాడని నమ్మకం కుదిరాకే తరువాతి లైను రాసేది. ల్యాబంతా కలిసి ఆమెకు వాగుడుకాయ అని పేరు పెట్టింది.

“చూశావా బాబాయ్, ఈ లూపు గానుగెద్దులాంటిది. తిరగమంటే తిరుగుతుంది. ఆగమని మనమే చెప్పాలి. చెప్పకపోతే తప్పెవరిది? ఎద్దుదా, మనదా?”

బాబాయ్ ఫ్యాను గుర్రుమనేది.

“మనదే! బాగా చెప్పావు.”

ఆ గొంతు మూడంతస్తుల కిందికి వినిపించేదంటే నమ్మరు గానీ, ఒకరోజు గేటు కాపలాదారు రిజిస్టరు చంకన పెట్టుకుని పైకొచ్చాడు.

“లోపల మీ బాబాయ్‌గారున్నారట. రెండేళ్లయింది, ఒక్కనాడూ సంతకం పెట్టలేదు. పిలవండమ్మా.”

వాగుడుకాయ వేలితో యంత్రాన్ని చూపించింది. కాపలాదారు దాన్ని ఎగాదిగా చూసి, ఎందుకైనా మంచిదని ఒక నమస్కారం పెట్టి దిగిపోయాడు.

ఈ గోల భరించలేక ఒక్కొక్కరే దూరం జరిగారు. పక్క కుర్చీలో వదిన ఒక్కతే మిగిలింది. పదకొండేళ్లు ఇల్లూ పిల్లలూ చూసుకుని మళ్లీ చదువుకొచ్చిన మనిషి కాబట్టి ల్యాబులో అందరికీ ఆమె వదినే. అంబులెన్సుకు అతి దగ్గర దారి వెతికే ప్రోగ్రాము ఆమె థీసిస్. ఈ ఏడు పూర్తికాకపోతే సీటు రద్దు. ఆ ప్రోగ్రామేమో చూసిన కూడలికే మళ్లీ మళ్లీ వెళ్లి, పేషెంటుకు ఊరంతా చూపిస్తోంది. తనకంటే చిన్నవాళ్లను సాయం అడగాలంటే వదినకు అభిమానం అడ్డొచ్చింది. చెవుల్లో దూది పెట్టుకోబోతుంటే పక్కనుంచి వినబడింది.

“బాబాయ్, అన్నిటికంటే దగ్గరున్న కూడలిని ముందు ఖాయం చెయ్యి. ఖాయం చేశాక దాని జోలికి మళ్లీ పోకు. పోయావో, నా మీద ఒట్టే!”

వదిన దూది పక్కన పడేసి పెన్ను తీసింది. రెండు నెలలు ఆ పెన్ను కింద పెట్టలేదు.

వైవా రోజు పొద్దున వదిన వంతు. ఎగ్జామినరు కళ్లద్దాలు సవరించుకున్నాడు.

“ఖాయం చేసిన కూడలిని మళ్లీ ఎందుకు చూడరమ్మా?”

“దూరం ఎప్పుడూ సున్నాకంటే తగ్గదు కదండీ. చుట్టు తిరిగొస్తే పెరగడమే గానీ తరగడం ఉండదు.”

“శభాష్!”

వదిన గట్టెక్కింది. మధ్యాహ్నం వాగుడుకాయ వంతు. ఎదురుగా ఐదుగురు మనుషులు. అంతే, నోటికి తాళం పడింది. పది నిమిషాలైనా తెరుచుకోలేదు. గైడుగారు తల పట్టుకున్నారు.

వెనక వరసలోంచి వదిన లేచి ఒకటే పరుగు. కాసేపటికి బాబాయ్ చక్రాల బల్లమీద ఊరేగుతూ గదిలోకి వేంచేశాడు.

“ఏమిటమ్మా ఇది?” అన్నాడు ఎగ్జామినరు.

“ఆ అమ్మాయి బాబాయ్ అండీ. ఆయనకైతే చెబుతుంది.”

చెప్పింది. చెరిగిపోయిన చేతిరాతను కంప్యూటరు ఎలా గుర్తుపడుతుందో నలభై నిమిషాలు గది దద్దరిల్లేలా చెప్పింది. మధ్యలో రెండుసార్లు, బాబాయ్ మాట్లాడడం లేదని ఎగ్జామినరే “ఊఁ” కొట్టాడు. చివరికి చప్పట్లు మోగాయి.

వదిన చేతులు మాత్రం గాల్లోనే ఆగిపోయాయి. ఆ నలభై నిమిషాల్లో ఒక కూడలి లేదు, ఒక దారి లేదు!

బయటికి రాగానే నిలదీసింది. “ఏమే, నీ థీసిస్‌లో దారుల ఊసే లేదు. మరి రెండు నెలలు అవన్నీ ఎందుకు వల్లించావు?”

వాగుడుకాయ నేలచూపులు చూసింది. “మీరు అడగరు కదా వదినా. అడక్కుండా చెబితే మీకు చిన్నతనంగా ఉంటుందేమోనని...”

వదిన ఆమెను అమాంతం దగ్గరికి లాక్కుని, “మేమిద్దరం పాసయ్యామోచ్!” అని కేకపెట్టింది. పక్క తరగతిలోంచి లెక్చరరు తొంగిచూశాడు.

“ఎవరది, ఆ అరుపేమిటి?”

“నేనేనండీ,” అంది వదిన. “సరిగ్గా వినబడలేదా? మళ్లీ అరుస్తానుండండి.”